క్షయవ్యాధి: బీజ క్షేత్ర వివాదము, వలసజీవి ఛాతీచిత్రము

కువైట్ నగరమునకు నైరుతి దిక్కున, ఫర్వానియా పాలనామండలములో అర్దియా అను పేట కలదు. అచట ఒకవంక విశాలములైన కువైటీ గృహములును, వానిలో వంటవారుగను, డ్రైవర్లుగను, ఖద్దామాలు అనబడు పనిమనుషులుగను 20వ నంబరు వీసాపై బ్రతుకు పరదేశీయులును. వేరొకవంక మోటారు మరమ్మతు శాలలు, వడ్రంగి దుకాణములు, ఇనుపపని కొట్లు క్రిక్కిరిసిన పారిశ్రామికవాడయు, అందు 18వ నంబరు వీసాపై చెమటోడ్చు కార్మికులును కనబడుదురు. కువైట్‌లోని తెలుగువారిలో అధికులు రాయచోటి, రాజంపేట, కడప ప్రాంతములనుండియు, ఉభయ గోదావరి మండలములనుండియు వలసవచ్చినవారు. పనికై వచ్చిన ప్రతియొక్కరును స్వదేశమున విమానమెక్కుటకు పూర్వమొకమారు, కువైట్‌లో దిగి అఖామా, అనగా నివాసానుమతి, పొందుటకు పూర్వము మరియొకమారు, ఎక్స్-రే యంత్రము ముందు ఊపిరి బిగబట్టి నిలిచినవారే. ఆ చిత్రమున నొక మచ్చ కనబడినచో, అది పదియేండ్లనాడు మానిపోయిన పుండు గుర్తే యైనను, ‘అన్‌ఫిట్’ అను నొక్క ముద్రతో అప్పుచేసి కొన్న ప్రయాణము ముగిసిపోవును.

క్షయను గూర్చి వైద్యలోకము చిరకాలముగ సాగించుచున్న మూడు వివాదములు ఆ యొక్క చిత్రమును చదువు తీరునందు ముడివడియున్నవి. రోగమునకు మూలము బీజమగు సూక్ష్మజీవియా, లేక ఆ జీవిని పెరుగనిచ్చు క్షేత్రమగు దేహస్థితియు, జీవనస్థితియునా? రోగమున్నదని నిశ్చయించుటకు ఏది ప్రమాణము: నీడయా, గళ్లయా, బీజముయొక్క జన్యుపదార్థమా? రోగిని వేరుచేసి నయము చేయవలెనా, జనమధ్యముననే యుంచి నయము చేయవచ్చునా? ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా ననుసరించి 2023వ సంవత్సరమున సుమారు ఒక కోటి 8 లక్షలమంది క్షయపాలై, 12 లక్షల 50 వేలమంది దానికి బలియైరి. ఆ రోగులలో నూటికి 26గురు భారతీయులు. మందు కనుగొనబడి ఎనుబదియేండ్లు దాటినను ఇంత నాశము జరుగుచున్నదన్నచో, తెలిసిన విషయము తక్కువ యగుటవలన గాక, తెలిసిన విషయములు ఒకదానితో నొకటి పొసగకుండుటవలన నని భావించుట కవకాశమున్నది. కావున వాదములను వరుసదీసి చూచుట అవసరము.

ప్రాచీనుల కారణవిచారము

చరకసంహిత శోషరోగమునకు, అనగా క్షయకు, నాలుగు హేతువులను చెప్పినది: శక్తికి మించిన శ్రమ యగు సాహసము, మలమూత్రాది వేగములను బలవంతముగ నాపుకొను సంధారణము, దేహధాతువులు తరుగు ధాతుక్షయము, వేళాపాళ లేని విషమాశనము. ఇరువదినాలుగు గంటల గృహసేవలో నున్న పనిమనిషి దినచర్యను, లేక మండువేసవిలో రెండు పూటల శ్రమించి నడిరాత్రి వంట చేసికొను కార్మికుని దినచర్యను ఈ నాలుగింటి ప్రక్కన నుంచి చూచినచో ప్రాచీనులు దేనిని గమనించిరో తేటపడును. వారు రోగిని చూచిరి. రోగి బ్రతుకును చూచిరి. ఒకరినుండి మరియొకరికి రోగమును మోయు ప్రాణిని చూచు సాధనము వారికి లేకుండెను.

అరబ్బీ వైద్యము ఈ విషయమున నొక యడుగు ముందున్నది. 1037లో మరణించిన ఇబ్న్ సీనా తన వైద్యగ్రంథమున ఈ ఊపిరితిత్తుల రోగము అంటురోగములలో నొకటియని పేర్కొనెను. ఐరోపాలో మాత్రము పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగము దాటువరకు ఉత్తరప్రాంత వైద్యు లనేకులు దీనిని వంశపారంపర్య దోషముగనే యెంచిరి; ఒకే యింట వరుసగ నలుగురు క్షీణించి మరణించుటయే అందులకు నిదర్శనముగ చూపిరి. ఒకే సాక్ష్యము రెండు సిద్ధాంతములకును చక్కగ సరిపోవుట ఈ రోగచరిత్రలో పలుమారులు జరిగినది. 1865లో ఫ్రెంచి సైనికవైద్యుడు విల్లెమిన్ రోగి దేహపదార్థమును కుందేళ్లలోనికి ఎక్కించి రోగము పుట్టించి చూపినను, పెద్దలు చాలకాలము నమ్మలేదు.

బీజపక్షము, క్షేత్రపక్షము

1882 మార్చి 24న బెర్లిన్ నగరమున రాబర్ట్ కాక్ క్షయబీజమును చూపుటతో వంశవాదము నేలకొరగెను. అయినను క్షేత్రవాదము నిలిచియే యున్నది. ఏలయన, బీజము సోకిన ప్రతివానికి రోగము రాదు. మానవజాతిలో సుమారు నాలుగవవంతు మందికి ఎప్పుడో యొకప్పుడు ఈ బీజము సోకినదని అంచనా. వారిలో జీవితకాలమున రోగులగువారు నూటికి అయిదుగురు మొదలు పదుగురు మాత్రమే. తక్కిన తొంబదిమందిని కాపాడుచున్న దేమి యను ప్రశ్నయే క్షేత్రపక్షమునకు ప్రాణము.

ఈ పక్షమునకు ఇరువదవ శతాబ్దిలో గొప్ప వాది థామస్ మెక్కియన్ అను బ్రిటిష్ వైద్యచరిత్రకారుడు. ఇంగ్లండు, వేల్సులలో క్షయమరణములు మందు పుట్టుటకు ఎంతయో ముందునుండియే తగ్గుచు వచ్చెననియు, అందులకు ముఖ్యహేతువు ఆహారసమృద్ధియే యనియు 1976లో ఆయన వాదించెను. తగ్గుదల నిజమేయని ఒప్పుకొనుచు, దానికి కారణము పౌష్టికాహారమే యనుటకు రుజువు చాలదనియు, పురపాలకసంఘముల పారిశుద్ధ్య కృషిని ఆయన ఉపేక్షించెననియు సైమన్ శ్రేటర్ 1988లో ఖండించెను. ఈ చర్చ పుస్తకములలో ముగియక, జార్ఖండ్ పల్లెలలో మరల మొదలయ్యెను. అచట 2019 మొదలు జరిగిన ‘రేషన్స్’ అధ్యయనమున క్షయరోగుల కుటుంబసభ్యులకు అదనముగ ఆహారధాన్యములు, సూక్ష్మపోషకములు ఇచ్చి చూడగా, ఆ గృహములలో క్రొత్తగ రోగము పుట్టుట నూటికి సుమారు 39 వంతులు తగ్గినట్లు 2023లో ప్రకటించిరి. క్షేత్రపక్షమునకు ఇంత బలమైన సాక్ష్యము అంతకు ముందు లభించలేదని చెప్పినచో అతిశయోక్తి కాదు.

బీజపక్షమువారి సమాధానమును తక్కువగ చూడరాదు. బాల్టిమోర్ నగరపు మాజీ సైనికుల ఆసుపత్రిలో రిచర్డ్ రైలీ 1950 దశాబ్దమున రోగుల గదిలోని గాలిని పైకప్పు మీది గినీపందుల పంజరములకు మళ్లించెను. గాలి దప్ప వేరు సంబంధము లేని ఆ జంతువులకు క్షయ సోకెను. గాలిదారిలో అతినీలలోహిత కాంతి ప్రసరింపజేసినపుడు సోకలేదు. అనగా అన్నము లేని యింటికంటె గాలి మారని గది ప్రమాదకరమగు సందర్భములు కలవు. వేసవిలో ఉష్ణము 50 డిగ్రీలను తాకు కువైట్‌లో కిటికీలు బిగించి, ఏసీ నడుపుకొని, ఒక గదిలో ఆరుగురెనమండుగురు నిద్రించుట సామాన్యము. అట్టి గదిలో పోషణ బాగుగనున్న యువకునికైనను, దగ్గుచున్న సహవాసి నెలలతరబడి యున్నచో బీజము సోకకుండుట దుర్లభము.

క్షేత్రపక్షమునకు గల్ఫు వాతావరణమున మరియొక వింత ఆధారము దొరకినది. 1997 మొదలు 2006 వరకు కువైట్‌లో ప్రవేశించిన వలసకార్మికుల క్షయపరీక్షల ఫలితములను పరిశీలించిన యొక అధ్యయనము, రోగుల నిష్పత్తి ఏటేట ఏప్రిల్ మాసాంతమున హెచ్చుచున్నదని చూపెను. శీతకాలమున ఇండ్లలో ముడుచుకొని యుండుటయు, ఎండ తగలక డి-విటమిను తగ్గుటయు హేతువులు కావచ్చునని ఊహించిరి. మండుటెండల దేశమున నున్నను ఎండ తగలని జీవితము గడపు ఇంటిపని స్త్రీలకు ఈ ఊహ బాగుగనే వర్తించునట్లు తోచును. అయినను మంగోలియాలో దాదాపు 9 వేలమంది బాలలపై జరిగి 2020లో వెలువడిన పరీక్షలో డి-విటమిను ఇచ్చినందున సంక్రమణ తగ్గలేదు. కావున ఋతుభేదము సత్యమే గాని దాని కారణము ఇంకను ఊహయే.

మధుమేహము, పొగాకు, హెచ్‌ఐవీ, రాతిధూళి అను నాలుగింటి విషయమున రెండు పక్షములకును భేదము లేదు. మధుమేహముగలవారికి క్షయ వచ్చు అవకాశము రెండు మూడు రెట్లు హెచ్చు. తెలుగువారును, గల్ఫువాసులును ఆ రోగమున నొకరికొకరు తీసిపోరు గనుక ఇది ప్రత్యేకముగ గమనింపదగినది.

నిదానము: నీడయు, సాక్ష్యమును

రోగనిర్ణయచరిత్రయంతయు చెవినుండి కంటికి, కంటినుండి అణువునకు సాగిన ప్రయాణము. 1816లో హృదయధ్వనులను వినుటకు స్టెతస్కోపును కల్పించిన లెనెక్ స్వయముగ క్షయతో 1826లో మరణించెను. 1882లో కాక్ చూపిన బీజమును రంగువేసి గుర్తించు పద్ధతి ఏడాది తిరుగకముందే సిద్ధమయ్యెను. నేటికిని పల్లె ఆసుపత్రులలో సాగు గళ్లపరీక్ష ప్రధానముగ అదియే. 1895లో రాంట్‌జెన్ కిరణములు, అనగా ఎక్స్-రేలు, వచ్చినవి. గళ్లపరీక్షకు ఒక మిల్లీలీటరునకు 5 వేలు మొదలు 10 వేల బీజములుండిన గాని కంటికి చిక్కవు. బీజమును పెంచి చూచు పెంపకపు పరీక్షకు నూరు చాలును గాని, ఫలితము తేలుటకు ఆరేడు వారములు పట్టును. 2010లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆమోదించిన జీన్ ఎక్స్‌పర్ట్ యంత్రము రెండు గంటలలో బీజమును, దానికి రిఫాంపిసిన్ మందును తట్టుకొను గుణమున్నదో లేదో కూడ చెప్పును. గోవాలో తయారగు ట్రూనాట్ యంత్రము అదే పనిని బ్యాటరీపై మారుమూల ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో సైతము చేయును.

ఇన్ని సాధనములుండగా వివాదమెందులకు? సాధనములన్నియు ఒకే ప్రశ్నకు సమాధానము చెప్పకుండుటయే కారణము. ట్యూబర్‌క్యులిన్ సూది ‘ఈ దేహము బీజము నెఱుగునా’ యని అడుగును. గళ్లపరీక్ష ‘ఈతడు నేడు ఇతరులకు అంటించునా’ యని అడుగును. ఎక్స్-రే ‘ఊపిరితిత్తుల ఆకృతి ఎపుడైనను చెడినదా’ యని మాత్రమే అడుగును. మొదటి ప్రశ్నకు ‘అవును’ అని వచ్చిన సమాధానమును మూడవదానికి అన్వయించినను, మూడవదాని సమాధానమును రెండవదానికి అన్వయించినను చిక్కులు తప్పవు. పైగా నీడను చదువుట శాస్త్రమునకును కళకును నడుమనున్న విద్య. అమెరికాలో యెరుషల్మీ బృందము ఇరువదవ శతాబ్ది మధ్యకాలమున జరిపిన పరిశీలనలలో ఒకే చిత్రమును వేర్వేరు నిపుణులు వేర్వేరుగ చదువుటయే గాక, ఒకే నిపుణుడు కొంతకాలమునకు దానినే మరల చూచి తన పూర్వనిర్ణయమును తానే కాదనుట పలుమారులు జరిగెను. నేడు యంత్రబుద్ధి ఆ చిత్రములను చదువుచున్నది. అది అలసిపోదు, మాట మార్చదు. అయినను పాత మచ్చను క్రొత్త మచ్చనుండి వేరుచేయు చిక్కు దానికిని తప్పలేదు.

పొరపాటు నిదానమునకు తెలుగువారికిని తమిళులకును తెలిసిన ఉదాహరణము శ్రీనివాస రామానుజన్. ఇంగ్లండున 1917లో వ్యాధిగ్రస్తుడైన ఆ గణితజ్ఞుని క్షయరోగిగ నెంచి ఆరోగ్యశాలలలో నుంచిరి. 1920 ఏప్రిల్ 26న మద్రాసు చేట్‌పట్టులో మరణించినప్పుడును అదే నిర్ణయము. అది కాలేయమున పాతుకొన్న అమీబా వ్యాధి కావచ్చునని 1994లో యంగ్ అను పరిశోధకుడు పాత పత్రములను పరిశీలించి వాదించెను. ఆ వాదమే నిజమైనచో అప్పటికే దొరకు మందుతో నయమగు రోగమునకు చలిగాలి వైద్యము చేసినట్లయ్యెను.

అయినను ఎక్స్-రేను తీసిపారవేయుటయు తగదు. 2019 నుండి 2021 వరకు జరిగిన భారత జాతీయ క్షయవ్యాప్తి సర్వేలో కనుగొనబడిన రోగులలో నూటికి సుమారు 43గురు ఎక్స్-రే లేకున్నచో చేజారిపోయెడివారే. వారికి దగ్గు, జ్వరము వంటి లక్షణములే లేవు. అదే సర్వేలో లక్షణములున్నవారిలో నూటికి 64గురు ఏ వైద్యుని వద్దకును పోలేదు. బెంగుళూరు జాతీయ క్షయసంస్థకు చెందిన బెనర్జీ, ఆండర్సన్ 1963లో ప్రకటించిన ప్రఖ్యాత అధ్యయనమున రోగులలో సగముకంటె ఎక్కువమంది తమంతట తామే వైద్యము కోరి వచ్చియున్నారనియు, వారిని వెదకుకొని పోవ నవసరము లేదనియు తేలెను. జాతీయ కార్యక్రమము నాలుగు దశాబ్దములకు పైగ ఆ సిద్ధాంతముపై నడచెను. రెండు అధ్యయనములును నిజాయితీగ చేయబడినవే. 1963 నాటిది లక్షణములు గల రోగిపై దృష్టి నిలిపెను, జాతీయ సర్వే లక్షణములు లేని రోగిని కూడ లెక్కించెను.

గుమ్మమువద్ద పరీక్ష

గల్ఫు ఆరోగ్యమండలి గుర్తించిన కేంద్రములలో జరుగు పరీక్షను ‘వాఫిద్’ అను క్రొత్త పేరు వచ్చినను మనవారు నేటికిని ‘గామ్కా మెడికల్’ అనియే వ్యవహరింతురు. అందు ప్రధానమైనది ఛాతీ ఎక్స్-రే. ఆ నిబంధనలలో చురుకైన క్షయతోబాటు పూర్వపు క్షయచిహ్నములు, అనగా ఎండిన సున్నపుగడ్డ, నార కట్టిన మచ్చ, దళసరియైన ఊపిరితిత్తిపొర మున్నగునవియు అనర్హతకు హేతువులుగ నున్నవి. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, అమెరికాలును పరదేశీయుల ఛాతీని చూడకపోవు. కాని అచటి పద్ధతి వేరు. మచ్చ కనబడినచో గళ్లపరీక్ష, పెంపకపు పరీక్ష జరుపుదురు. బీజము లేనిచో రానిత్తురు, వచ్చిన పిదప కొంతకాలము పరిశీలనలో నుంతురు. బీజమున్నచో చికిత్స ముగియువరకు ఆపి, ముగిసినపిదప రానిత్తురు.

గల్ఫు పద్ధతిని సమర్థించువారి వాదము సులభగ్రాహ్యము. జనాభాలో సుమారు మూడింట రెండువంతులు పరదేశీయులైన కువైట్ వంటి చిన్న దేశమున, ఏటేట లక్షలమంది వచ్చిపోవుచుండ, ప్రతి మచ్చను వారములతరబడి శోధించుట దుష్కరము. అచటి క్షయరోగులలో అధికులు వలసవచ్చినవారే గనుక గుమ్మమువద్ద కాఠిన్యము న్యాయమే. పైగా ఖద్దామా కువైటీ గృహమున పసిబిడ్డల నెత్తుకొను మనిషి.

ఆక్షేపించువారి వాదము రెండంచులు గలది. మొదటిది, ఈ జల్లెడ మానినవానిని ఆపి, రానున్న రోగిని పోనిచ్చుచున్నది. మానిన మచ్చ గల కార్మికుడు అనర్హుడు; బీజము దేహమున దాగి మచ్చయింకను ఏర్పడని కార్మికుడు అర్హుడు; ఆ రెండవవానికే వచ్చిన తొలి రెండు మూడేండ్లలో రోగము బయటపడు ప్రమాదము హెచ్చు. దక్షిణాసియావారిలో తరచుగ కనబడు మెడగ్రంథుల క్షయ, ఎముకల క్షయ ఛాతీచిత్రమునకు చిక్కనేచిక్కవు. రెండవది, శిక్షాభయము రోగమును దాచించును. దగ్గు వచ్చినచో అఖామా పోవునేమో, పనికి పిలిపించుకొన్న కఫీల్ ఇంటికి పంపివేయునేమోయను శంకతో నెలలతరబడి సొంతముగ కొన్న దగ్గుమందుతో కాలము గడపువాడు తనకును, గదిలోని తోటివారికిని హాని చేయును. పరీక్ష రోగమును పట్టుకొనవలెనని పుట్టినది. మనిషిని ఏరివేయు పనికి పరిమితమైనపుడు అది వైద్యపరీక్షగ మిగులదు. ఈ విషయమున సమీక్షకుని తీర్పు ఆక్షేపకుల వైపునకే మొగ్గుచున్నది. సమర్థకుల భయము కల్పితము కాదు గాని, వారెన్నుకొన్న సాధనము ఆ భయమునకు మందు కాదు.

చికిత్స: ఆరోగ్యవరమునుండి చేట్‌పట్టునకు

కువైట్ వలసలకు పుట్టినిల్లయిన రాయలసీమయే క్షయవైద్యచరిత్రలోను ఒక పుట్టినిల్లగుట విశేషము. 1912లో మదనపల్లెలో క్రైస్తవ మిషనుల ఉమ్మడి కృషితో ఆరంభమై, 1915లో ఊరివెలుపల సొంత స్థలమునకు మారిన క్షయ ఆరోగ్యశాల ఆరోగ్యవరమను పేర వెలసెను. డెన్మార్కు దేశీయుడగు క్రిస్టియన్ ఫ్రిమోట్-మొల్లర్ దానికి తొలినాటి అధిపతి. స్వచ్ఛవాయువు, విశ్రాంతి, పుష్టికరమైన భోజనము, అవసరమైనచో ఊపిరితిత్తిని గాలితో ముడిచి విశ్రమింపజేయు చికిత్స, ఇవే నాటి ఆయుధములు. ఇది క్షేత్రపక్షమువారి వైద్యము. బాగుపడినవారు కొందరు కలరు. వారిలో ఎందరు వైద్యమువలన, ఎందరు స్వభావముచేత బాగుపడిరో నాడు తేల్చినవారు లేరు.

1943లో స్ట్రెప్టోమైసిన్ పుట్టుటతో కథ మారినది. 1948లో వెలువడిన బ్రిటిష్ పరీక్ష ఆ మందు శక్తిని నిరూపించుటతోబాటు, ఒక్క మందే ఇచ్చినచో బీజము దానిని తట్టుకొనుట నేర్చునని కూడ నిరూపించెను. పి.ఏ.ఎస్. అను మందు, 1952లో ఐసోనయజిడ్ తోడైనపిమ్మట కలగలుపు చికిత్స స్థిరపడెను. 1961లో వెలువడిన ఇథాంబ్యుటాల్ అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలనుండి వచ్చినది. ఆ ప్రయోగశాల పరిశోధనలకు 1948లో మరణించువరకు అధిపతి భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందు ఆయన మరణానంతరము పుట్టినదే గాని, అట్టి వెదకులాటకు అచట బాట వేసినవారిలో ఆయన యొకరు.

అసలైన విప్లవము మందులో గాక, మందు ఎచట మ్రింగవలెనను ప్రశ్నలో వచ్చినది. 1956లో మద్రాసు చేట్‌పట్టులో, రామానుజన్ కన్నుమూసిన ఆ పేటలోనే, భారత వైద్యపరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్యసంస్థ, బ్రిటిష్ వైద్యపరిశోధన మండలి కలిసి క్షయ రసాయనచికిత్సా కేంద్రమును స్థాపించినవి. వాలెస్ ఫాక్స్ నాయకత్వమున 193 మంది నిరుపేద రోగులను చీట్లు వేసినట్లు రెండు పాయలుగ విభజించి, ఒక పాయను ఆరోగ్యశాలలో మంచి తిండితో, విశ్రాంతితో నుంచిరి. రెండవ పాయను ఇరుకిండ్లలో, అర్ధాకలితో, పనిపాటలతో యథాప్రకారముగ బ్రతుకనిచ్చిరి. మందులు రెండు పాయలకు నొకటియే. ఏడాది గడచినపిదప ఇరుపాయల స్వస్థతలో పెద్ద భేదము కానరాలేదు. ఇంటనున్న రోగుల కుటుంబములకు రోగము అధికముగ సోకనును లేదు. 1959లో ఈ ఫలితము వెలువడిన తరువాత ప్రపంచమంతట ఆరోగ్యశాలల తలుపులు ఒకటొకటిగ మూతబడెను. ఆరోగ్యవరము సాధారణ వైద్యకేంద్రముగ మారినది. మంగళగిరి క్షయ ఆరోగ్యశాల భూమిలో నేడు ఎయిమ్స్ వెలసినది.

ఈ ఫలితమును జార్ఖండ్ ఫలితమునకు ప్రక్కన పెట్టినచో విరోధము కనబడును: తిండి లేకున్నను రోగి నయమగునని మద్రాసు చెప్పుచుండగా, తిండి యున్నచో రోగము వచ్చుట తగ్గునని జార్ఖండ్ చెప్పుచున్నది. నిజమునకు విరోధము లేదు. రోగము వచ్చినపిదప బీజమును చంపునది మందు. రాకముందు బీజమును అణచియుంచునది దేహబలము. క్షేత్రపక్షము నివారణమునందును, బీజపక్షము చికిత్సయందును బలవత్తరములు. 2018 ఏప్రిల్ నుండి రోగులకు నెలకు 500 రూపాయలుగను, 2024 నవంబరు నుండి 1000 రూపాయలుగను భారతప్రభుత్వ మిచ్చుచున్న పోషణభృతి ఈ రెండు సత్యములను కలుపుటకు చేసిన ప్రయత్నమని చెప్పవచ్చును.

తరువాతి వివాదము, మందు మ్రింగుటను మరియొకరు కన్నులార చూడవలెనా యనునది. రిఫాంపిసిన్ రాకతో రెండు నెలలు నాలుగు మందులు, మరి నాలుగు నెలలు కొనసాగింపుగ చికిత్స ఆరు నెలలకు కుదించబడినను, నెలయో రెండు నెలలో గడువగనే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, రోగి తాను బాగుపడితినని తలచి మందు మానుట సహజము. అందుచేతనే 1990 దశాబ్దమున కన్నెదుటనే మందు మ్రింగించు ‘డాట్స్’ పద్ధతి వచ్చినది; 2006 నాటికి భారతదేశమంతట వ్యాపించెను. దక్షిణాఫ్రికాలో 1998లోను, పాకిస్తానులో 2001లోను వెలువడిన పరీక్షలు చూచి మ్రింగించుటకును, తనంత తాను మ్రింగుటకును ఫలితమున భేదము లేదని చూపినవి. వారమునకు మూడుమారులిచ్చు పద్ధతిని విడిచి దినదినము ఇవ్వవలెనని 2017లో సుప్రీంకోర్టు ఆదేశించినది. వారమునకు ఒక్కదినము కూడ సెలవు నిశ్చయముగ దొరకని ఇంటిపనిమనిషికి ప్రతిదినము క్లినిక్కునకు రమ్మనుట, చికిత్స వద్దనుటతో సమానము. ఆమెకు కావలసినది కావలి కాదు. ఆరు నెలల మందును, కొలువు పోదను హామీయు.

మందుకు లొంగని క్షయను గూర్చి క్లుప్తముగ చెప్పవచ్చును. చెవులను చెడగొట్టు సూదులతో రెండేండ్లు సాగు చికిత్స స్థానమున, 2012లో అనుమతి పొందిన బెడాక్విలిన్ తోడి ఆరు నెలల మాత్రల పద్ధతిని 2022లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆమోదించెను. ఇచట వివాదము శాస్త్రమునకు సంబంధించినది కాదు, ధరకును అందుబాటునకును సంబంధించినది.

టీకా చెప్పని సమాధానము

1921లో ఫ్రాన్సున కాల్మెట్, గెరాన్ ప్రయోగించిన బీసీజీ టీకావలె ఆశను, అనుమానమును సమపాళ్లలో రేపినది మరియొకటి లేదు. 1930లో జర్మనీ ల్యూబెక్ నగరమున కలుషితమైన టీకావలన డెబ్బదికి పైగ శిశువులు మరణించిరి. భారతదేశమున 1948లో మదనపల్లెలోనే తొలిసారి బీసీజీ వేసిరి. 1955లో రాజాజీ దానిని వ్యతిరేకించుచు కరపత్రమే ప్రకటించెను. ఆయన వాదములో వైద్యము తక్కువ, ధైర్యము ఎక్కువ. అయినను పెద్దలకు ఈ టీకా ఎంతవరకు పనిచేయునో రుజువు చూపుడని ఆయన అడిగిన ప్రశ్న తప్పు కాదు. బ్రిటిష్ విద్యార్థులలో నూటికి 75కు మించిన రక్షణ కలిగించిన బీసీజీ, మదనపల్లె పరిసరములలో స్వల్పరక్షణనే యిచ్చెను. 1968లో చెంగల్పట్టు ప్రాంతమున రెండున్నర లక్షలమందికి పైగ జనులపై ఆరంభమైన మహాపరీక్షలో పెద్దల ఊపిరితిత్తుల క్షయకు రక్షణయే కానరాలేదు. ఉష్ణదేశముల మట్టిలోని ఇతర సూక్ష్మజీవులు ముందే దేహమునకు పరిచితములగుటయే కారణమని కొందరు, టీకా వంశభేదమని కొందరు అనిరి. శిశువులకు మెదడు క్షయనుండి అది రక్షించుననుటలో మాత్రము భిన్నాభిప్రాయము లేదు. అర్దియా గుమ్మమున నిలిచిన కార్మికుని చేతిమీది టీకామచ్చ అందుచేతనే అతని ఊపిరితిత్తులను గూర్చి ఏ హామీని ఇవ్వజాలదు.

తేలని ప్రశ్నలు

మొదటిది కాలమును గూర్చినది. దాగిన బీజము జీవితాంతము నిద్రించి ఎపుడో మేల్కొనునని ఇంతకాలము బోధించిరి. రోగులగువారిలో అధికులు సోకిన రెండేండ్లలోపలనే రోగులగుదురనియు, చాలమంది దేహములలో బీజము అసలే మిగిలియుండదనియు బేర్, ఎడెల్‌స్టైన్, లలితా రామకృష్ణన్ 2018, 2019లలో వాదించిరి. ఈ వాదము నిలిచినచో, కువైట్ వచ్చి అయిదారేండ్లయిన కార్మికునికి రోగము బయటపడినపుడు అతడు దానిని రాయచోటినుండి మోసుకొని వచ్చెననుట కష్టము. అది అర్దియా గదిలోనో, పని కొట్టులోనో సోకినదని అనుమానింపవలసియుండును. అమెరికా వంటి దేశములలో బీజముల జన్యుముద్రలను పోల్చి చూచినపుడు వలసవచ్చినవారి రోగములో అధికభాగము పాతబీజము మేల్కొనుటవలననే యని తేలినది. కాని అచటి వలసజీవి సాధారణముగ ఎనమండుగురితో ఒక గది పంచుకొనువాడు కాడు. తప్పు పుట్టినదేశమునదా, పనిదేశమునదా యను వాదమునకు ఈ జన్యుముద్రలే సాక్ష్యము కావలసియున్నది.

రెండవది క్రొత్త టీకాను గూర్చినది. ‘ఎం72’ అను టీకా తుదిదశ పరీక్ష 2024లో దక్షిణాఫ్రికాలో ఆరంభమైనది. బీసీజీని తిరస్కరించిన చెంగల్పట్టు వంటి నేలపై అది నిలుచునో లేదో పరీక్షింపక చెప్పుట దుస్సాధ్యము.

మూడవది నివారణచికిత్సను గూర్చినది. రిఫాపెంటిన్, ఐసోనయజిడ్ మాత్రలను వారమునకొకమారు పండ్రెండు వారములు మ్రింగినచో దాగిన బీజము రోగముగ మారు అవకాశము చాలవరకు తగ్గును. గుమ్మమువద్ద మచ్చను వెదకుటకు బదులు ఈ మందు నిచ్చి పంపవచ్చును గదాయని ప్రజారోగ్యవాదులు అడుగుచున్నారు. అయితే పదునైదేండ్లు దాటిన భారతీయులలో సుమారు 31 శాతము మందికి సోకిన గుర్తులున్నట్లు జాతీయ సర్వే చెప్పుచున్నది. వారిలో ఎవరు రోగులగుదురో చెప్పగల పరీక్ష నేటికి లేదు. ఆ పరీక్షాఫలితమును చికిత్సకు గాక అనర్హతకు వాడినచో రాయలసీమ వలసజీవులలో మూడవవంతు మంది గుమ్మము దాటజాలరు. చికిత్సకే వాడినచో, పండ్రెండు వారముల మాత్రలు కాలేయమునకు చేటు చేయకుండ చూచు వైద్యుడు ఏ దేశమున నుండవలెను, రెండేండ్ల ఒప్పందములో ఆ మూడు నెలలు ఎవరి ఖాతాలో పడవలెను, మధ్యలో మాత్ర మానినవాని అఖామా ఏమగును అనునవి వైద్యులు మాత్రమే తీర్చగల ప్రశ్నలు కావు. కార్మికశాఖలును, కఫీలులును, ఏజెంట్లును కూర్చున్న చోటనే అవి తేలవలసియున్నవి.